పంటి కోసం పాలసీ కొంటున్నారా చెల్లెళ్ళూ?

"కార్డు ఉంది కదక్కా, ఊడిన పన్ను కూడా దానిమీద పెట్టేస్తారా?" పెదబయలు, ముంచింగిపుట్టు వైపు చెల్లెళ్ళ దగ్గర ఈ మధ్య తరచూ వింటున్న ప్రశ్న ఇది. ఆశ పెట్టడం నాకిష్టం లేదు. పెట్టరమ్మా.

మన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ఘాట్‌రోడ్డులో బండి మీంచి పడి దవడ ఎముక విరిగిందా? నోటి కాన్సరా? అలాంటి పెద్ద చికిత్సలకు ఆ కార్డు అక్కరకొస్తుంది. పుచ్చి ఊడిన పన్ను చోట ఇంప్లాంట్ వేయించుకుంటామంటే మాత్రం ఖర్చు మనదే.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ దించి, అది ఎముకతో అతుక్కున్నాక పైన పన్ను బిగించడం. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు మొదటిసారి ఒక మనిషికి ఇలా చేశారు. అతుక్కోవడానికే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఒక్కో పన్నుకు వేలల్లో ఖర్చు, పైగా మనకు విశాఖ దాకా పదే పదే బస్సు ప్రయాణం. ఆ రోజుల కూలీ కూడా లెక్కలో వేసుకోండి.

మరి ప్రైవేటు ఇన్సూరెన్స్ సంగతి? ఏజెంటు "పళ్ళు కూడా కవరే" అంటే వెంటనే తలూపకండి. మామూలు హెల్త్ పాలసీ ఆస్పత్రిలో చేరిన ఖర్చులకు. ఇంప్లాంటేమో ఎక్కువగా డాక్టరు కుర్చీలోనే అయిపోయే పని. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో జబ్బు వల్లో దెబ్బ వల్లో అవసరమైన పంటి చికిత్స ఉంది. కానీ అదీ ఆస్పత్రిలో చేరినప్పుడే. అందం కోసం చేయించుకునే పనులకు ఏ పాలసీ అయినా మామూలుగా చేతులెత్తేస్తుంది. ఓపీడీ కవర్, అంటే ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికిచ్చేది, విడిగా తీసుకుంటే కొంత రావచ్చు. దానికీ ఏడాదికింతని పరిమితి ఉంటుంది, ఇంప్లాంట్ అందులో ఉందో లేదో చూసుకోవాలి.

అందుకే సంతకం పెట్టేముందు నాలుగు సంగతులు అడగండి. ప్రమాదంలో ఊడిన పన్నుకేనా, పుచ్చినదానికీ ఇస్తారా? వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ కొన్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన కాలం, ఎంత? పాలసీకి ముందే ఊడిన పన్నుకు వర్తిస్తుందా? స్క్రూ, పైన బిగించే పన్ను, ఎముక నింపడం, వీటిలో ఏది కవరు? జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. పాలసీతోపాటు ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌ను తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మీకుంది. క్లెయిమ్ అన్యాయంగా తోసేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తర్వాత బీమా నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్ 155255కి ఫోన్ చేయొచ్చు. అప్పటికీ తేలకపోతే హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

డబ్బు కుదరకపోతే సిగ్గుపడేదేం లేదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళున్నాయి, పక్క పళ్ళ ఆధారంతో వేసే బ్రిడ్జి ఉంది. డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఫీజులు ప్రైవేటు క్లినిక్కులకన్నా తక్కువే, విశాఖ వైపు వెళ్ళినప్పుడు అడగండి.

ఇంకో మాట. అడ్డపొగ తాగే మన పెద్దమ్మలకు, అత్తలకు గట్టిగా చెప్పండి. నిప్పు లోపలికి పెట్టి కాల్చే చుట్ట అంగిట్లో కాన్సర్ తెస్తుంది. చుట్ట, బీడీ మానకపోతే ఖరీదైన ఇంప్లాంట్ కూడా సరిగ్గా అతుక్కోకపోవచ్చు. అదుపులో లేని షుగరూ అంతే. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే పీహెచ్‌సీలో చూపించండి.

పాలసీ కట్టండి, వద్దనను. అది ప్రాణం మీదికొచ్చే రోగాల కోసం కట్టండి. పంటికైతే పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే సిమెంటు పెట్టించుకోండి. ఇంప్లాంట్ ఖర్చుతో పోలిస్తే అది ఎంతో తక్కువ.