గడ్డకట్టే గాలిలో వేడి ఎక్కడిది?

నార్వే దేశంలో చలికాలంలో చాలాచోట్ల మైనస్ 15 డిగ్రీల చలి పడుతుంది. అక్కడ ప్రతి 10 ఇళ్లకు సుమారు 6 చొప్పున హీట్ పంపులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ బయటి గాలిలోంచే వేడి తీసి ఇంట్లోకి పంపుతాయి. అదెలాగో నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

చలిగాలిలో వేడి ఉంటుందా?
ఉంటుంది. వేడి బొత్తిగా లేని స్థితి మైనస్ 273 డిగ్రీలు. మైనస్ 15 అంటే దానికన్నా 258 డిగ్రీలు పైనే కదా! మనం వణుకుతాం గాని గాలిలో వేడి అయిపోలేదు.

దాన్ని ఎలా పట్టుకుంటారు?
వంటగ్యాసు బండలో ప్రొపేన్ కూడా ఉంటుంది. అది మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కొన్ని హీట్ పంపుల్లో ఇదే వాడతారు, మిగతావాటిలో ఇలాంటివే వేరే ద్రవాలు. ఇంటి బయట పెట్టెలో గొట్టాలుంటాయి. వాటిలో ఈ ద్రవం గాలికన్నా చల్లగా పారుతుంది. అందుకని మైనస్ 15 గాలి కూడా దానికి వెచ్చనిదే. ఆ వేడి పీల్చుకుని ఆవిరౌతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుని చూడండి, వేడెక్కుతుంది. ఇదీ అంతే. వేడెక్కిన ఆవిరి ఇంట్లో వేడి వదిలేసి మళ్లీ ద్రవమై బయటికి పోతుంది. ఫ్రిజ్ చేసేదీ ఇదే పని. దాని వెనకాల వెచ్చగా ఉండేది అందుకే.

చలి పెరిగితే?
గెడ్డ నీళ్లు కొండమీదికి మోస్తున్నామనుకోండి. గెడ్డ ఎంత కిందికుంటే అంత కష్టం, తెచ్చే బిందెలూ తక్కువే. అలాగే 7 డిగ్రీల దగ్గర 1 యూనిట్ కరెంటుకి 3, 4 యూనిట్ల వేడి వస్తే, మైనస్ 15 దగ్గర సుమారు 2 వస్తాయి. మామూలు కరెంటు హీటరు ఎప్పుడూ 1కి 1 మాత్రమే ఇస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చలి ముదిరిన రాత్రే ఇంటికి వేడి ఎక్కువ కావాలి, ఆ రాత్రే యంత్రం తక్కువ ఇస్తుంది. చిన్న యంత్రం పెడితే పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ప్రాణం మీదికి రావచ్చు. అందుకే తమ ఊళ్లో పడే గట్టి చలిని లెక్కేసి యంత్రం కొనాలి, గోడల్లో సందులు మూయాలి. చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి కూడా ఉంచుకుంటారు.

గొట్టాలకు మంచు పడితే?
గాలిలోని తేమ గొట్టాల మీద మంచుగా పేరుకుంటే గాలి ఆడదు. చిత్రమేమిటంటే, ఈ బాధ సున్నా డిగ్రీల దగ్గర తడిగాలిలోనే ఎక్కువ. మరీ చలిగాలిలో తేమ తక్కువ. అప్పుడు యంత్రం కొన్ని నిమిషాలు తిరగబడి పనిచేస్తుంది, లోపలి వేడితో మంచు కరిగిస్తుంది. పొగలాగా ఆవిరి లేస్తుంది. తగలబడుతోందని భయపడి ఆపేయకూడదు. మంచుని కత్తితో గీకకూడదు, గొట్టం చిల్లుపడితే యంత్రం పనికిరాకుండా పోతుంది. కరిగిన నీళ్లు కింద మళ్లీ గడ్డకడతాయి కనుక పెట్టెను స్టాండు మీద ఎత్తుగా పెడతారు.

ఆలోచించండి: మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? కారణంతో సహా రాసి ఈ కాగితం కింద అంటించండి. సరైన జవాబు వచ్చే సంచికలో.

– 9వ తరగతి విద్యార్థి