తంగేడు పూసింది, తుమ్మెద వాలింది
(పోటీ పరీక్షల ప్రత్యేకం: జీవశాస్త్రం, పర్యావరణం)

కర్నూలు, కడప జిల్లాల మెట్ట పొలాల గట్ల మీద ఎవరూ నాటకుండానే పూసే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పరీక్షలకు సాధారణంగా ఇంతవరకే చదువుతారు. అసలు విశేషం పువ్వు లోపల ఉంది.

తంగేడు పువ్వులో మకరందం ఉండదు, కీటకానికి దొరికేది పుప్పొడే. పది కేసరాల్లో పైనున్న మూడు వంధ్యాలు. మిగిలిన వాటి పరాగకోశాలు నిలువునా పగలవు, కొనన ఉన్న సన్నని రంధ్రాల గుండానే పుప్పొడి రాలుతుంది. నల్లటి తుమ్మెద పువ్వును పట్టుకుని, రెక్కల కండరాలను జోరుగా అదిరిస్తుంది. ఝుమ్మనే ఆ అదురుకు పుప్పొడి చిమ్ముకొచ్చి దాని ఒంటికి అంటుకుంటుంది. దీన్ని కంపన పరాగసంపర్కం అంటారు. తేనెటీగకు ఈ విద్య రాదు. టమాటా, వంకాయ పూలకూ ఇదే పద్ధతి మేలు.

జిల్లేడులో పుప్పొడి పొడిగా కాక ముద్దలుగా (పొలీనియా) ఉండి తుమ్మెద కాళ్లకు తగులుకుంటుంది. తుమ్మి తెల్లపూలు తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ విందు. శేషాచలం ఎర్రచందనం పూలకూ తేనెటీగలే ఆధారం. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వు అయింది.

పొద్దుతిరుగుడు గింజ కట్టాలంటే తేనెటీగలు రావాలి. ఆ పంట పూయని నెలల్లో వాటిని బతికించేది గట్టు మీది పిచ్చిపూలే. కలుపు మందు కొట్టి గట్లను బోడి చేయడం రైతుకే నష్టం.

గుర్తుంచుకోండి: ప్రపంచ తేనెటీగల దినోత్సవం మే 20, ఐక్యరాజ్యసమితి ప్రకటన 2017.