వరదవేళ పక్షులు

పూర్వపు వరంగల్లు జిల్లా పొలిమేరను, ఏటూరునాగారము కడ, గోదావరి ప్రవహించుచున్నది. ఆ ప్రాంతము నేడు ములుగు జిల్లాలో నున్నది. వానకాలమున వరద వచ్చినపుడు అచటి ఇసుక తిన్నెలు మునిగిపోవును. నేలపై గ్రుడ్లు పెట్టు తీతువునకు అది యాపద. గిజిగాడు నీటిపైకి వంగిన కొమ్మకు గూడు వ్రేలాడగట్టి పిల్లలను కాపాడుకొనును. నీరు నిలిచిన పొలములలో నత్తగుల్లకొంగ నత్తలను ఏరి తినును. ఒకే వరద ఒక పక్షికి చేటు, వేరొకదానికి విందు!

1931–32లో సలీం అలీ నాటి హైదరాబాదు రాజ్యమందలి పక్షులను పరిశీలించెను. ఆ కాలమున పక్షులను తుపాకితో కొట్టి నమూనాలు సేకరించుట శాస్త్రజ్ఞుల వాడుక. నేడు కెమెరా వలన ప్రాణహాని లేకయే పరిశీలన సాగుచున్నది. తేదీ, స్థలము, పక్షుల సంఖ్య వ్రాసియుంచిన ఛాయాచిత్రము శాస్త్రమునకు సాక్ష్యమగును.

అయినను జాగ్రత్త వలయును. చిత్రకారుడు వరదనీటిలో దిగక, ఎత్తైన గట్టున నిలిచి, దూరమునుండియే చిత్రము తీయవలెను. గూటిని సమీపించినచో తల్లి బెదరి లేచిపోవును. కాపులేని గ్రుడ్లు ఎండకు చెడును. లేదా కాకుల పాలగును. వరదకు గ్రుడ్లను పోగొట్టుకొన్న తీతువు మరల గ్రుడ్లు పెట్టవచ్చును. ఆ రెండవ యాశను మనుష్యుడు చెరుపరాదు. చిత్రము దక్కకున్నను పక్షి దక్కవలెను.