ఇంజను చమురు: దాని వేడిమి, చిక్కదనము, ఆయిల్ కూలరు



రోహిణీకార్తె యెండలు పాల్వంచ ప్రాంతమున నెట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. నీడయందే 44, 45 డిగ్రీలు చూపు దినములు కలవు. అట్టి దినములలో మనము చెట్టునీడ వెదకుకొందుము. ఎద్దులను కాడి విప్పి నీళ్లకు తోలుదుము. ట్రాక్టరును మాత్రము మిట్టమధ్యాహ్నమున కూడ నడిపించుచునే యుందుము. ఎద్దు రొప్పును, నురుగు గ్రక్కును. కావున దాని బాధ మనకు తెలియును. ఇంజను బాధ తెలుపునది దాని చమురు. ఆ భాష నేర్చుకొనుటకే ఈ మాసపు పాఠము.

మా పొరపాటు

పాఠమునకు ముందు మేము చేసిన తప్పును చెప్పుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట నొక వేసవిలో సభ్యుడొకడు తన ట్రాక్టరుతో మొక్కజొన్న నూర్పిడి యంత్రమును ఆడించుచుండెను. ట్రాక్టరు ఒకే చోట నిలిచి ఉదయమునుండి ప్రొద్దుగూకువరకు పని చేయుచుండెను. మూడవనాడు అతడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఇంజను వేగము తగ్గించినప్పుడెల్ల ఆయిల్ దీపము మిణుకుమనుచున్నది. ఏమి చేయుమందురు?" అని యడిగెను. మేము బండిని చూడబోక, "ఎండకు చమురు పలుచబడియుండును, ఇంకను చిక్కని చమురు పోయుము" అని చెప్పి పంపితిమి. అతడట్లే చేసెను. దీపము ఆరెను. మరునాటి మధ్యాహ్నము ఇంజను పెద్ద చప్పుడు చేసి బిగిసిపోయెను.

మేస్త్రీ విప్పి చూడగా క్రాంకు బేరింగులు కాలి అంటుకొనియుండెను. రేడియేటరు ముందరి జాలీ మొక్కజొన్న పొట్టుతో గోడవలె పూడియుండెను. నీటి వేడిమిని చూపు ముల్లు చాలకాలమునుండి కదలుటలేదట. చమురు పలుచబడినదన్న మా మాట నిజమే. ఎందుచేత పలుచబడెనని మేము అడుగలేదు. హెచ్చరించుచున్న దీపమును చిక్కని చమురుతో నోరు మూయించితిమి.

ఇంజను బాగగునాటికి మృగశిర దాటిపోయెను. దుక్కి కిరాయి ట్రాక్టరుతో చేయించవలసి వచ్చెను. పత్తి గింజ ఆలస్యముగా పడెను. సంఘమునకు కట్టవలసిన వాయిదా నిలిచిపోయెను. ఆ వాయిదా మాట చెప్పుటకు అతని యింటికి వెళ్లినవారిలో మేమును ఉంటిమి. అతడు మాకు మజ్జిగ యిచ్చెను గాని మా సలహా మాట ఎత్తలేదు.

చమురు చేయు పనులు

బండి యిరుసుకు కందెన ఎందుకు పెట్టుదుమో మీరెరుగుదురు. ఇనుము ఇనుమును తాకి అరగకుండుటకే గదా! ఇంజనులోని చమురు ఆ పనిని చేయును. మరియు రెండు పనులు చేయును. మసిని, అరుగుడు పొడిని తనలో కలుపుకొని ఫిల్టరునకు చేర్చును. నీరు చేరలేని చోట్ల వేడిని మోసికొని వచ్చును. పిస్టను అడుగుభాగము, క్రాంకు బేరింగులు, టర్బో గల బండ్లలో దాని ఇరుసు, ఇవన్నియు చల్లబడుట ముఖ్యముగా చమురుచేతనే.

తిరుగుచున్న క్రాంకు షాఫ్టు బేరింగును తాకదు. రెంటి నడుమ చమురు పొర యొకటి యుండును. దాని మందము మిల్లీమీటరులో వేయవ భాగములతో కొలువదగినంత స్వల్పము. ఇంజను బ్రదుకెల్ల ఆ పొరమీద నున్నది.

చిక్కదనము

ఆముదమును చలికాలపు ఉదయమున సీసానుండి వంచి చూడుడు, మెల్లగా జారును. దానినే వేడి చేసి వంచుడు, నీటివలె పారును. ద్రవము పారుటకు చూపు ఈ అడ్డునే శాస్త్రమున స్నిగ్ధత యందురు. దీనిని సెంటీస్టోకులలో కొలుతురు. మామూలు నీటి స్నిగ్ధత సుమారు 1. ట్రాక్టర్లలో విరివిగా వాడు 15డబ్ల్యు-40 చమురు స్నిగ్ధత వేడినిబట్టి మారు విధము రమారమి యిట్లుండును:

20 డిగ్రీలవద్ద — 300
40 డిగ్రీలవద్ద — 110
100 డిగ్రీలవద్ద — 14
130 డిగ్రీలవద్ద — 8

100 డిగ్రీలనుండి 130 డిగ్రీలకు పోవుసరికి చమురు తన చిక్కదనములో దాదాపు సగము పోగొట్టుకొనుచున్నది. బేరింగులోని పొరయు అట్లే పలుచనగును. పంపు పుట్టించు ఒత్తిడియు తగ్గును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు దీపము మిణుకుమనుట కిదియొక కారణము.

డబ్బామీది అంకెలు

ఈ అంకెల పద్ధతి అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము ఏర్పరచినది. డబ్ల్యు అను అక్షరము చలికాలమునకు గురుతు. దానికి ముందరి అంక చలిలో చమురు ఎంత సులువుగా కదలునో తెలుపును. అంక తగ్గినకొలది చలిలో పలుచన. వెనుకటి అంక 100 డిగ్రీల వేడిలోని చిక్కదనమును తెలుపును. 30 అన్న 9.3 మొదలు 12.5 లోపు, 40 అన్న 12.5 మొదలు 16.3 లోపు, 50 అన్న 16.3 మొదలు 21.9 లోపు. మంచు పడు దేశములవారికి ముందరి అంక ప్రాణము. మనకు వెనుకటి అంక ముఖ్యము.

అట్లని 40 చెప్పిన ఇంజనులో 50 పోసినచో మేలగునా? కాజాలదు. చిక్కని చమురు సన్నని సందులలో మెల్లగా పారును. మెల్లగా పారినది వేడిని తక్కువగా మోయును. మరియు తన రాపిడిచే తానే కొంత వేడిని పుట్టించును. ఒత్తిడి ముల్లు పైకి లేచినంత మాత్రమున బేరింగునకు చాలినంత చమురు చేరినదని తలపరాదు. తయారుచేసినవారి పుస్తకములో మన ఎండకు ఏ అంక చెప్పబడినదో దానినే పోయవలయును.

వేడి మితిమీరినను, చాలకున్నను కీడే

మామూలుగా పనిచేయు ఇంజనులో చమురు 90 మొదలు 110 డిగ్రీల వరకు ఉండుట మంచిది. అంతకు మించి ప్రతి 10 డిగ్రీలకు చమురు చెడు వేగము సుమారు రెట్టింపగునని పెద్ద లెక్క. 100 డిగ్రీలవద్ద ఒక వంతు చెడునది 130 డిగ్రీలవద్ద ఎనిమిది వంతులు చెడును. అట్టి చమురు జిగటయై, మడ్డి కట్టి, దారులను పూడ్చును.

వేడి చాలకపోవుటయు మంచిది కాదు. ఇంజనును అయిదు నిమిషములు నడిపి ఆపుచుండినచో లోపల చేరిన నీటియావిరి పోవుటకు తగిన వేడి పుట్టదు. నీరు చమురుతో కలియును. కావున దినమున కొక్కసారియైన పనిలో బాగుగా కాగనీయుడు.

పందెపు కార్లు, మన గోపురములు

వేగపు కార్లవారికి ఈ చిక్కు మనకన్న ముందే వచ్చినది. పూర్వము పందెపు ఇంజనులలో ఆముదమునే పోసెడివారు. వేడిలో దాని పొర గట్టిగా నిలుచును. 1909లో ఒక ఆంగ్ల వ్యాపారి చమురునకు కాస్ట్రాల్ అను పేరు ఆముదపు ఆంగ్లనామమునుండియే వచ్చినది. జర్మనీవారి పోర్షే 911 కారు 1964 మొదలు 1998 వరకు నీరులేని గాలిచల్లని ఇంజనుతోనే తయారయ్యెను. దానికి వేరొక తొట్టిలో చాల చమురు నింపి, ఆయిల్ కూలరుద్వారా త్రిప్పెడివారు. మన కుర్రవాండ్రు నడుపు పల్సరు 220, పాత హిమాలయను మోటారుసైకిళ్ల ముందుభాగమున కనబడు చిన్న రెక్కల పెట్టెయు ఆయిల్ కూలరే.

దాని పని సులభము. వేడి చమురు సన్నని గొట్టములలో పారును. గొట్టములకు రేకుల రెక్కలుండును. బండి వేగమున గాలి ఆ రెక్కలను తాకి వేడిని కొనిపోవును. చమురు కాగకముందే చల్లబడకుండ, తగిన వేడికి తెరచుకొను కవాటము పెద్ద కార్లలో పెట్టుదురు. వేరొక విధము కూలరులో గాలికి బదులు ఇంజను నీరే చమురు వేడిని తీసికొనును. ఇది పెక్కు డీజిలు ఇంజనులలో లోపలనే అమరియుండును.

పాల్వంచవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రపు ఎనిమిది పాత శీతల గోపురములు 2024 ఆగష్టు 5వ తేదీన కూల్చబడువరకు మన కండ్లయెదుట నుండెను. వేడినీటిని తుంపరలుగా రాల్చి, గాలిచే చల్లార్చి, మరల పనికి పంపుటయే వాని పని. అట్టి కేంద్రములలో టర్బైను బేరింగుల చమురును నీటితో చల్లబరచు ఆయిల్ కూలర్లును ఉండును. పెద్ద యంత్రమైనను, చిన్న బండియైనను ధర్మ మొక్కటే: పుట్టిన వేడి పోవుటకు దారి యుండవలయును.

మన ట్రాక్టరునకు కూలరు వలయునా?

కొందరు సభ్యులు కార్ల కూలరును ట్రాక్టరునకు తగిలింపవచ్చునా యని యడుగుచున్నారు. మా యభిప్రాయము తొందరపడవలదనియే. కారు గంటకు నూరు కిలోమీటర్లు పరుగెత్తును. గాలి తానై వచ్చును. దుక్కిలో ట్రాక్టరు మనిషి నడకతో పోవును. నూర్పిడిలో అసలే కదలదు. దానికి గాలి ఫ్యానుచేతనే రావలయును. ఆ గాలి వచ్చు జాలీ పూడియుండగా కూలరు తగిలించుట, పంటకాలువ పూడిక తీయక చేనిలో మరియొక బోదె తవ్వినట్లుండును. పైగా క్రొత్త గొట్టముల అతుకు ఒక్కటి ఊడినను చమురంతయు నిమిషములలో పోవును.

చేయవలసినవి

1. నూర్పిడి, గడ్డికట్టల పనులలో రెండు గంటల కొకసారి ఇంజను నాపి జాలీని దులుపుడు. దినము ముగిసినపిమ్మట రేడియేటరును ఫ్యాను వైపునుండి బయటికి గాలితో ఊదుడు.

2. ప్రతి ఉదయము సమతలమున నిలిపి కడ్డీతో చమురు చూడుడు. రెండు గీతల నడుమ నుండవలయును. ఎక్కువ పోసినను క్రాంకు చిలికి నురుగు లేపును, వేడి పెరుగును.

3. డీజిలు ఇంజనులో చమురు నల్లబడుట మసివలన, దానికి భయపడనక్కరలేదు. మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినదని తెలిసి, ఇంజను త్రిప్పక మేస్త్రీని పిలువుడు. డీజిలు వాసన కొట్టి పలుచనైనను అట్లే.

4. చమురును, ఫిల్టరును పుస్తకము చెప్పిన గంటలకే మార్చుడు. దుమ్ము, ఎండ మిక్కుటమైనచోట ఇంకను ముందుగా మార్చుట మేలు.

5. టర్బో గల ట్రాక్టరు, కోతయంత్రములను బరువు పని ముగియగానే ఆపవలదు. రెండు మూడు నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి ఆపుడు. లేనిచో టర్బోలో నిలిచిన చమురు మాడి బొగ్గగును.

6. నీటి ముల్లు, ఆయిల్ దీపము పనిచేయనిచో ముందు వానిని బాగుచేయించుడు. ఆయిల్ దీపము వెలిగినచో వెంటనే ఇంజను నాపి, కారణమేమని యడుగుడు. చమురు తక్కువా? జాలీ పూడెనా? నీరు తరిగెనా? పంపు అరిగెనా? కారణము తెలియకముందు చమురు మార్చి దీపము నార్పవలదు.

ఈ ఆరవ నియమమును మేము నేర్చుకొన్న వెల మా చేతినుండి పోలేదు. ఒక రైతు చేతినుండి పోయినది. ఆ సభ్యుడు ఇప్పుడు తన ట్రాక్టరు బానెట్టుపై ఒక చిన్న చీపురు కట్టుకొని తిరుగుచున్నాడు. నూర్పిడికి పోవు సభ్యులందరును అట్టి చీపురు నొకదానిని వెంట నుంచుకొనవలయునని మా ప్రార్థన.