గ్రేడిల్‌లో బండిల్ వేరు, బామ్ వేరు: రెండూ ఎందుకు కావాలంటే

పోయిన శనివారం హార్స్లీ హిల్స్‌లో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "ఏమిరా, నీ యాప్ తెరిస్తే మూసుకుంటా ఉండాది" అన్నాడు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధరలు చూసుకోవడానికి ఆయన కోసం నేను రాసిన చిన్న ఆండ్రాయిడ్ యాప్ అది. ముందురోజు రాత్రే అప్‌డేట్ పంపాను. బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు!

గదికొచ్చి నా ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి చూస్తే 'నో సచ్ మెథడ్ ఎర్రర్'. ధరలు లోడ్ అయ్యేటప్పుడు తిరిగే చక్రం దగ్గరే క్రాష్. తప్పు నాదే. జెట్‌ప్యాక్ కంపోజ్‌లో యానిమేషన్ లైబ్రరీ వెర్షన్ ఒక్కటే పెంచి, మెటీరియల్ 3ని పాతదే ఉంచేశాను. పాత మెటీరియల్ పిలిచే ఫంక్షన్ కొత్త యానిమేషన్‌లో ఆ రూపంలో లేదు. లైబ్రరీలు ముందే కంపైల్ అయి వస్తాయి కాబట్టి బిల్డ్‌లో ఇది బయటపడలేదు.

మరి అన్నీ ఒకే బండిల్‌లో పెట్టాను కదా? అసలు పొరపాటు అక్కడే ఉంది.

గ్రేడిల్ 7.4 నుంచి వెర్షన్ కేటలాగ్ స్టేబుల్ ఫీచర్. ఆ టామల్ ఫైల్‌లో వెర్షన్స్, లైబ్రరీస్, బండిల్స్, ప్లగిన్స్ అని నాలుగు భాగాలు. బండిల్ అంటే సరుకుల చీటీ లాంటిది. ఏమేం కావాలో చెబుతుంది, అవి ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూడదు. బామ్, అంటే బిల్ ఆఫ్ మెటీరియల్స్, దీనికి రివర్స్. కలిసి పనిచేసే వెర్షన్ల పట్టిక ఇస్తుంది, కానీ లైబ్రరీని తనంతట తాను ప్రాజెక్ట్‌లోకి తేదు. కంపోజ్‌కి గూగుల్ 2022 అక్టోబర్ నుంచి బామ్ ఇస్తోంది.

నేను మార్చింది ఇంతే:

1. కేటలాగ్‌లో కంపోజ్ బామ్‌కి మాత్రమే వెర్షన్ రాశాను.
2. మిగతా కంపోజ్ లైబ్రరీలకు గ్రూప్, పేరు ఉంచి వెర్షన్ తీసేశాను.
3. ఆ లైబ్రరీలన్నీ ఒక బండిల్‌లో పెట్టాను. బామ్‌ని అందులో కలపలేదు.
4. బిల్డ్ ఫైల్‌లో రెండే లైన్లు: బామ్‌కి 'ప్లాట్‌ఫామ్' చుట్టి ఒకటి, బండిల్‌కి ఒకటి.

ఒక జాగ్రత్త. వేరే లైబ్రరీ ఏదైనా ఇంకా పై వెర్షన్ అడిగితే, గ్రేడిల్ మామూలుగా పై వెర్షన్‌కే ఓటేస్తుంది. అనుమానం వస్తే 'డిపెండెన్సీ ఇన్‌సైట్' టాస్క్ రన్ చేయండి. ఏ వెర్షన్ ఎంచుకుంది, ఎందుకు ఎంచుకుంది అన్నీ చూపిస్తుంది.

సాయంత్రం ఘాట్ రోడ్డు దిగేలోపే కొత్త ఏపీకే నాన్నకి పంపాను. చక్రం తిరిగింది, ధర కనబడింది. "ఇప్పుడు బాగుండాది" అన్నాడు. ఇకపై బిల్డ్ సక్సెస్ అయినా, యాప్ ఒకసారి తెరిచి చూశాకే పంపుతా.