ట్యాంకు మీద సాలెగూడు

ఆత్మకూరు–ఉదయగిరి దారిలో తిరుగుతూ, రోజూ పొడిగుడ్డతో తుడిచే మోటారుసైకిలు ట్యాంకును ఎండలో చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు లాంటి వలయాలు కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు! అన్ని వైపులకూ పోయే సన్నని గీతల్లో, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి.

ఈ గీతలు ఎలా వచ్చాయి? గుడ్డ కింద చిక్కిన దుమ్ములోని ఇసుక వల్ల. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7. రంగు అంతకంటె ఎంతో మెత్తన.

ఉదయగిరి చెక్క గరిటెను గరుకు కాగితంతో నున్నచేసినట్లే, సన్నని పాలిష్‌తో రుద్దితే పైపొర అరిగి చదునవుతుంది, మెరుపు తిరిగివస్తుంది. కాని రుద్దిన ప్రతిసారీ ఆ పొర పలచబడుతుంది. మైనం పూస్తే గీత కప్పబడుతుందే గాని పోదు.

కనుక ముందు నీళ్ళు పోసి దుమ్ము కడగండి. ఆ తరువాతే మెత్తని తడిగుడ్డతో తుడవండి.