ఇల్లు ఎవరు అమ్మాలి?

మల్లాపూర్‌లో ఒక అత్త, కోడలు ఉన్నారు. ఇల్లు అత్త పేరున ఉంది. అప్పు తీర్చాలంటే ఇల్లు అమ్మాలి.

బ్రోకరు వచ్చాడు.

"40 లక్షలకు అమ్మిపెడత. నూటికి 2 రూపాయలు కమీషన్" అన్నాడు.

కోడలు లెక్క వేసింది. "80 వేలు అయితది అత్తమ్మా!"

"మనమే అమ్మితే ఆ పైసలు మిగులుతయి గదా?"

"మిగులుతయి. కానీ కొనేటోళ్లను మనమే వెతకాలె. నాచారంల ఇండ్లు ఎంతకు పోతున్నయో అడగాలె. బ్రోకరైతే నలుగురిని తోలుకొస్తడు."

బ్రోకరు ఒక కాగితం చాపాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా."

అత్త వేలు చాపలేదు. కాగితం తీసుకుంది. కూడబలుక్కొని చదివింది. 'జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ' అని ఉంది. అంటే ఇల్లు అమ్మే అధికారం బ్రోకరుకు ఇచ్చినట్టే. కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఇద్దరూ ఆలోచించారు. ఒక నెల తామే ప్రయత్నిస్తారు. కుదరకపోతే బ్రోకరుకు చెబుతారు. కమీషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో ముందే రాసుకుంటారు. అసలు పత్రాలు ఇవ్వరు, నకళ్లే చూపుతారు. బయానా తీసుకుంటే రసీదు రాస్తారు. అమ్మకం సంతకం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేస్తారు.

గేటుకు బోర్డు కట్టారు: 'ఇల్లు అమ్మబడును'. అక్షరాలు అత్తే రాసింది.

ఆలోచించండి – చెప్పండి

1. అత్త వేలిముద్ర ఎందుకు వేయలేదు?
2. 30 లక్షల ఇంటికి నూటికి 2 చొప్పున కమీషన్ ఎంత?
3. మీరైతే ఏం చేస్తారు?